రామదాసు కప్పుల మేక

అడవిలోని తిరుగుబాటుదార్లమీద తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో, బటాంగ్ బెర్జుంటై ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె వేసిన మరుసటేడు, రబ్బరు గీతకు వెళ్ళిన రామదాసు చెట్ల మధ్య తూటా తగిలి పోయాడు. అతను హిందువు, భార్య ఆనీ క్రైస్తవురాలు. ఒకరి దేవుణ్ణి ఒకరు ఏమీ అనకుండా కాపురం చేశారు. అతను పోయాకే ఆనీకి దిగులు పట్టుకుంది. తీర్పునాడు గొర్రెలు కుడివైపు పరలోకానికి, మేకలు ఎడమవైపు నరకానికి అని చిన్నప్పటినుంచీ విన్నది. జ్ఞానస్నానం లేని మనిషి ఎటు నిలబడతాడు?

మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వస్తోందని ఎస్టేటు చర్చికి సున్నం వేశారు. పాట్రిక్ ఫాదర్ పాతకాలపు రోము చర్చి బొమ్మ ఒకటి చూపించాడు: గోడకు రంగు గాజుముక్కలు పొదిగి చేసిన, కాపరి రూపంలో ప్రభువు, చుట్టూ గొర్రెలు. మనకు పగిలిన పింగాణీ చాలన్నాడు. ఆడవాళ్ళు విరిగిన పళ్ళాలు కొంగుల్లో మోసుకొచ్చి కాపరిని పొదగసాగారు. ఆనీ మాత్రం రామదాసు గీసిన చెట్ల కింద వెతికి, అతను రబ్బరుపాలు పట్టిన కప్పుల పెంకులు ఏరుకుంది. ముగ్గుకు పెట్టినట్టే గోడమీద బొగ్గుచుక్కలు పెట్టి, కాపరికి ఎడమపక్కన తడి సిమెంటులో గొర్రెను పొదిగింది.

ఆడపడుచు చిన్నమ్మ వెనక్కి జరిగి చూసింది.

"ఏటే ఆనీ, తోక పైకెత్తేసినావు? ఇది మేకే."

"ఈ ఎస్టేట్లో గొర్రెని ఎవులు సూసినారు ఒదినా?"

ఫాదర్ నవ్వాడు గానీ, మెల్లగా అన్నాడు. "ఎడమపక్క మేకంటే జనం తీర్పు గుర్తు చేసుకుంటారమ్మా. తోక కిందికి తిప్పెయ్."

ఆనీ చేతిలో తాపీ ఆగిపోయింది. తోక దించితే గొర్రె అయిపోతుంది, నిజమే. కానీ రామదాసు బతికినన్నాళ్ళూ తనలాగే బతికాడు.

"తోక తిప్పను ఫాదర్. సోటు మారుస్తాను."

సిమెంటు ఆరకముందే పెంకులన్నీ ఊడదీసి కడిగింది. కాపరి భుజాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అక్కడికి ఎక్కించింది మేకను, కాళ్ళు కాపరి గుప్పిట్లో, తోక పైకే.

ఫాదర్ దగ్గరికి వచ్చి చూశాడు. "రోములో పాత క్రైస్తవ సమాధుల గోడలమీద కూడా ఒకచోట కాపరి మేకనే మోస్తాడట," అన్నాడు. "ఉండనీలే."

చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "మా తమ్ముడు నడవమంటే ఏనాడు నడిసినాడు? ఇప్పుడూ మోయించుకుంతన్నాడు."

మెర్డేకా మర్నాడు ఆదివారం. తీర్పు మాట వచ్చినప్పుడల్లా తల వంచుకునే ఆనీ, ఆవేళ తలెత్తి గోడవైపు చూస్తూ కూర్చుంది.