రూబీ కూర్చుంటే సోదా చేయాల్సిందే

మీలో ఎవరైనా ఒక పెద్దావిడ హ్యాండ్‌బ్యాగును నలుగురి ముందు బల్ల మీద బోర్లించారా? అదీ, మీ బతుకు ఆవిడ కలం కింద నలుగుతున్న రోజున? నేనా ఘనకార్యం చేశాను. ఎవరో చెయ్యి పట్టి చేయించింది కూడా కాదు, పూర్తిగా నా సొంత తెలివితో చేశాను. కొంప ఎలా మునుగుతుందో దగ్గరుండి చూడాలని ఉంటే ఇలా వచ్చి కూర్చోండి, చెబుతాను.

మాది పెనుబల్లి. అటవీశాఖలో బీట్ ఆఫీసరుగా చేరిన మూడో ఏట నన్ను భద్రాచలం వైపు వేశారు. సారపాకలో కిరాయి ఇల్లు తీసుకున్నాం. మేమంటే నేనూ, నా భార్య సుజాత. నెల తిరక్కుండానే మూడో మనిషి వచ్చింది. మనిషంటే మనిషి కాదు, ఏడాది వయసున్న లాబ్రడార్ కుక్క. పేరు రూబీ. అడవి జంతువుల తోళ్లూ, ఎండబెట్టిన మాంసమూ లారీల్లో, బస్సుల్లో దాచి తరలిస్తుంటారు కదా, వాటిని వాసన చూసి పట్టడం దాని ఉద్యోగం. దానికి సాయంగా ఉండడం నా ఉద్యోగం. హోదాలో ఎవరు పెద్దో మీరే తేల్చుకోండి.

కూర్చో, లే, రా అనే పాఠాలు చెప్పి పంపారు. వాసన పాఠం మాత్రం నేనే చెప్పాలి. నమూనాలిచ్చిన ట్రైనర్ నాకు ఒక్కటే మాట చెప్పాడు.

"చూడు రాంబాబూ, నీ చేతి వాసన నమూనాకు అంటొద్దు. గ్లౌజులు తొడుక్కో, పట్టుకారుతో పట్టుకో. గీ ఒక్కటి మరిచినవంటే కుక్క ఆగమైతది."

"మరుస్తానా సార్!" అన్నాను.

ఆ నమూనాల సంగతి కాస్త చెప్పాలి. పాత కేసుల్లో పట్టుబడిన దుప్పి తోలు ముక్కలు, ఎండిన అడవిపంది మాంసం, చిన్న చిన్న గుడ్డ సంచుల్లో కట్టి, డబ్బాలో పెట్టి ఇచ్చారు. డబ్బా మూత తీస్తే నాకు కళ్లు తిరిగేవి. నా ముక్కు మొదటినుంచీ సుకుమారం. మూడో రోజున నాకొక ఉపాయం తట్టింది. తలనొప్పి బామ్ సీసా ఒకటి కొని జేబులో వేసుకున్నాను. మూత తీసే ముందు ముక్కు కింద దట్టంగా పట్టించేవాణ్ని. ఆహా, స్వర్గం. దుప్పీ లేదు, పందీ లేదు, అంతా బామే.

ఇక గ్లౌజులు. మే నెల ఎండలో సారపాకలో రబ్బరు గ్లౌజులు తొడుక్కుని చూడండి. లోపల చెయ్యి అన్నంలా ఉడుకుతుంది. వారం తిరిగేసరికి అవి అటక మీదికి చేరాయి. పట్టుకారు సుజాత వంటింట్లోకి పోయింది. ముక్కుకి బామ్ రాసిన వేళ్లతోనే సంచి తీసి, ఇటుకల వెనకో, బండి టైరులోనో దాచేసి "రూబీ, సెర్చ్" అనేవాణ్ని. అది ముక్కు నేలకు ఆనించి పరుగెత్తేది. దొరకగానే చటుక్కున కూర్చునేది. కూర్చోవడమే దాని సంకేతం. బహుమానంగా నేను టెన్నిస్ బంతి విసిరేవాణ్ని.

పది రోజుల్లో అది అరనిమిషంలో పట్టేస్తోంది. ఎక్కడ దాచినా సరే. ఒక్కటంటే ఒక్కటి తప్పితే ఒట్టు! నేను గాల్లో నడవడం మొదలుపెట్టాను.

సుజాతకు మాత్రం నచ్చలేదు. "ఏందండీ, ముక్కు కింద గంత బామా? ఇల్లంత దవాఖానా లెక్క వాసనొస్తున్నది."

"ఇది నా టెక్నిక్, నీకు తెలవదులే."

ఒకరోజు ఆమెకు తలనొప్పి లేచి, నుదుటికి నా బామే రాసుకుని మంచమెక్కింది. రూబీ లోపలికెళ్లి మంచం ముందు నిటారుగా కూర్చుంది.

"ఏందండీ ఇది? నేనేమన్న దుప్పినా?" అని అరిచింది సుజాత.

"నీ మీద గౌరవమే" అన్నాను. చూశారా, అప్పటికే దేవుడు నాకు ఉత్తరం రాసి చేతికిచ్చాడు. నేనే విప్పి చదవలేదు.

రెండో ఉత్తరం చెక్‌పోస్టు దగ్గర అందింది. భద్రాచలం బస్సులో ఒక ముసలమ్మ సంచి ముందు రూబీ కూర్చుంది. నేను వీరుడిలా సంచి దింపించాను. చింతపండు, ఎండుచేపలు, రవికె గుడ్డ, పొగాకు, ఒక బామ్ సీసా బయటపడ్డాయి.

"ఏంది బిడ్డా, నా సంచిల ఏనుగున్నదా?" అంది ముసలమ్మ. బస్సంతా ఒకటే నవ్వు.

"నిన్న ఈ సంచిలో పంది మాంసం ఉండే ఉంటుంది. వాసన మిగిలింది" అని బస్సు వాళ్లకు వివరించాను. అంత నమ్మకం నాకు రూబీ మీద. కాదు కాదు, నా మీద నాకు.

ఇంతలో పోటీ వచ్చింది. చుట్టుపక్కల డివిజన్ల నుంచి లాబ్రడార్లన్నీ వస్తాయి, కలప డిపో ఆవరణలో పరీక్ష. మా రేంజ్ సారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రాంబాబూ, పేరుకే ఇది పోటీ. ఫెయిలైన కుక్కను పనికిరాదని రాసి స్క్వాడ్‌లకెల్లి తీసేస్తరు. అటెన్క ఎవరికిస్తరో, యాడికి పోతదో మన చేతుల ఉండదు. సమజైందా?"

"మన రూబీకి ఫెయిలేంది సార్!" అన్నాను గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. సుజాతకు చెబితే లేచి వెళ్లి రూబీ పక్కన కూర్చుంది. వాకిట్లో గడప మీద తల పెట్టుకుని పడుకోవడం దాని అలవాటు. దాని చెవులు నిమురుతూ సుజాత, "దీన్ని తీసుకరాకుండ నువ్వొక్కనివి ఇంటికి రాకు" అంది. అండీలు పోయాయంటే పరిస్థితి ఎంత తీవ్రమో చూడండి.

పోటీకి జడ్జిగా వచ్చినావిడ రిటైరైన పశువుల డాక్టరు. అందరూ డాక్టరమ్మ అంటారు. సన్నటి మనిషి, నూలు చీర, కళ్లద్దాల మీదనుంచి చూసే చూపు. ఆ చూపు తగిలితే కుక్కలే కాదు, ఆఫీసర్లు కూడా కూర్చుంటారు. షామియానా కింద బల్ల దగ్గర నిలబడి రూల్సు చదివింది.

"పది పెట్టెలు. మూడిట్లనే నమూనాలున్నయి. కుక్క కూసుంటే హ్యాండ్లర్ చెయ్యెత్తి 'ఉంది' అనాలె. అన్నంక సోదా చెయ్యాల్సిందే. ఎవరిదని చూసుడు లేదు. నాదైనా సరే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది, అదే ఆ రోజు నా చివరి నవ్వు.

మా ముందు కొత్తగూడెం వైపు నుంచి వచ్చిన లచ్చన్న తన టైగర్‌తో దిగాడు. స్క్వాడ్‌లో తల నెరిసినవాడు. మోచేతుల దాకా గ్లౌజులు. వాటిని చూసి లోలోపల నవ్వుకున్నాను. టైగర్ నింపాదిగా నడిచి రెండో పెట్టె దగ్గర, నాలుగో దాని దగ్గర, తొమ్మిదో దాని దగ్గర కూర్చుంది. మూడుకి మూడు. నమూనాల చోటు మార్చి మమ్మల్ని పిలిచారు.

"రూబీ, సెర్చ్!"

ఒకటో పెట్టె దాటింది. రెండు, మూడు దాటింది. నాలుగో దాని దగ్గర ఆగింది. నా గుండె కూడా ఆగింది. రూబీ మూత దగ్గర ముక్కు పెట్టి పీల్చి, తల తిప్పి నావైపు చూసింది. కూర్చోలేదు. ముందుకెళ్లిపోయింది. ఆ చూపుకి అర్థం నాకు తర్వాత తెలిసింది. 'ఇందులో మసాలా తక్కువైందేంటి గురువుగారూ?'

ఐదు, ఆరు, ఏడు. ఎక్కడా ఆగలేదు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎనిమిది, తొమ్మిది. షామియానా కింద రేంజ్ సారు లేచి నిలబడ్డాడు. పది కూడా అయిపోయింది.

"రెండు నిమిషాలున్నయి" అంది డాక్టరమ్మ, గడియారం చూస్తూ నుదురు రుద్దుకుంటూ. పొద్దుటినుంచీ ఎండలో కూర్చుని ఉంది పాపం.

నాకు గడప మీద తల పెట్టుకున్న రూబీ కనిపించింది. ఖాళీ గడప కూడా కనిపించింది. "రూబీ... సెర్చ్, తల్లీ..." అన్నాను.

గోదావరి వైపు నుంచి గాలి తిరిగింది. రూబీ తల ఎత్తింది. తోక నిలబడింది. పెట్టెల వరుస వదిలేసి తాడుతో సహా నన్ను లాక్కుంటూ షామియానా కిందికి పరుగెత్తింది. కుర్చీలు జరిగాయి, ఎవరిదో మంచినీళ్ల గ్లాసు పడింది. నేరుగా బల్ల వెనక్కి వెళ్లి, డాక్టరమ్మ కుర్చీ పక్కనున్న హ్యాండ్‌బ్యాగు ముందు కూర్చుంది. అంత అందంగా అది ఎప్పుడూ కూర్చోలేదు.

రేంజ్ సారు నా వైపు చూస్తూ వద్దు వద్దు అన్నట్టు వేలు ఊపుతున్నాడు.

ఇక్కడ నా దగ్గర రెండు దారులున్నాయి. కుక్కను వెనక్కి లాగితే, హ్యాండ్లరే దాన్ని నమ్మలేదని రాస్తారు, రూబీ పోతుంది. చెయ్యెత్తితే నేను పోతాను. రూబీ నా ముఖంలోకే చూస్తోంది, బంతి ఎప్పుడు విసురుతావన్నట్టు. ఎన్నడూ తప్పని కుక్క ఈ రోజు తప్పుతుందా? చెయ్యెత్తాను.

"ఉంది మేడమ్."

"యాడుంది?"

"మీ... బ్యాగులో."

డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "రూలు నేను చదివిందే కదా. కానియ్. బోర్లించు."

బోర్లించాను. కళ్లద్దాల పెట్టె, తాళాలు, బీపీ గోలీలు, చేతి రుమాలు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, మూత బిగించిన చిన్న స్టీలు డబ్బా, బామ్ సీసా. సీసాను పనికిరాని సామానులా పక్కకు నెట్టి స్టీలు డబ్బా పట్టుకున్నాను.

"మేడమ్, ఇందులో ఏముంది?"

"జామకాయ ముక్కలు. తిని చూస్తవా, లేకుంటే కేసు రాస్తవా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నా తల దిమ్మెక్కిపోయింది. ఇప్పుడు నేనేం చేశానో వింటే మీరు నన్ను క్షమించరు. అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టి, నా బామ్ సీసా తీసి, నలుగురూ చూస్తుండగానే ముక్కు కింద పట్టించాను.

రూబీ లేచింది. గిర్రున తిరిగింది. నా ముందుకొచ్చి కూర్చుంది.

డాక్టరమ్మ నన్ను, కుక్కను, బల్ల మీది సీసాను, నా చేతిలోని సీసాను వరుసగా చూసింది.

"ఇగో, మళ్ల కూసుంది. రూలు రూలే. నిన్నెవరు సోదా చెయ్యాలె?" అని, "నమూనా ఏ చేత్తోని దాస్తవ్?" అంది.

"ఈ చేత్తోనే మేడమ్."

"గ్లౌజులు?"

"...అటక మీదున్నాయి."

"బామ్ ఏ చేత్తోని రాసుకుంటవ్?"

జవాబు చెప్పాల్సిన పనిలేదు, ఆ చెయ్యి ఇంకా ముక్కు దగ్గరే ఉంది. నెలల తరబడి నేను రూబీకి దుప్పి తోలు కాదు, తలనొప్పి మందు నేర్పానని ఆ క్షణంలో వెలిగింది. సుజాత నుదురు, ముసలమ్మ సంచి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వెనకనుంచి లచ్చన్న, "తమ్మీ, మన జిల్లాల తలనొప్పులన్నిటినీ అరెస్టు చేస్తవా ఏంది?" అన్నాడు. అప్పుడు నవ్వారు. కలప డిపో దద్దరిల్లింది.

డాక్టరమ్మ నవ్వలేదు. తన సీసాను లచ్చన్న చేత ఒక ఖాళీ పెట్టెలో పెట్టించి, మిగతా వాటితో కలిపి వరుస మార్పించింది. నన్ను నా వాసన అందనంత దూరంలో నిలబెట్టి రూబీని మళ్లీ వదలమంది. రూబీ అటూ ఇటూ చూడలేదు. బాణంలా ఏడో పెట్టె దగ్గరికెళ్లి కూర్చుంది. మూత తీస్తే సీసా అందులోనే ఉంది.

ఆవిడ ఏదో చాలాసేపు రాసుకుంది. ఆ కలం కదులుతున్నంత సేపూ నేను రూబీ మెడ పట్టుకుని నేల మీదే కూర్చున్నాను. తప్పంతా నాది, శిక్ష దానికా అని ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అది నా చెంప నాకబోయి, బామ్ ఘాటుకు తుమ్మింది.

సాయంత్రం బోర్డు మీద కాగితం అంటించారు. దగ్గరికెళ్లే ధైర్యం లేక రేంజ్ సారును పంపాను. ఆయన చదివి వెనక్కొచ్చాడు.

"కుక్క పాస్. 'నేర్పినది తప్పు లేకుండా నేర్చుకున్నది, కొనసాగించవలెను' అని రాసిండ్రు."

"మరి నేను సార్?"

"హ్యాండ్లర్ ఫెయిల్. 'ఇతనికి మొదటినుంచి శిక్షణ ఇవ్వవలెను' అని రాసిండ్రు. నా సర్వీసుల మనిషి ఫెయిలై కుక్క పాసవుడు ఇప్పుడే చూస్తున్న."

నాకంత సంతోషం నా సొంత ఉద్యోగం వచ్చినరోజు కూడా కలగలేదు. ఇంటికెళ్లి ఫెయిలయ్యానని చెబితే సుజాత రూబీకి దిష్టి తీసింది. నాకు తీయలేదు.

తర్వాత లచ్చన్న దగ్గర మూడు నెలలు మళ్లీ ఓనమాలు దిద్దాను, మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని. మరుసటేడు రూబీ టమాటా లారీలో నిజం దుప్పి తోలు పట్టింది. అయినా తొలి పాఠం అంత తేలిగ్గా మరిచిపోతుందా? మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికైనా తల నొస్తే తలుపు వేసుకునే రాసుకోవాలి.

కనుక, ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: నా తల రెండు చెక్కలైనా, ముక్కు ఊడి గోదాట్లో పడినా, ఈ జన్మలో మళ్లీ బామ్ ముట్టనని రూబీ తోక మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఇది తెల్ల కాగితం మీద రాసి, సాక్షి సంతకం కోసం ఇప్పుడే రూబీ ముందు పెట్టాను. అది కాగితాన్ని ఆ చివరనుంచి ఈ చివరదాకా వాసన చూసింది. నా ముఖంలోకి చూసింది.

కూర్చుంది.

"సుజాతా, పొద్దున తలనొప్పి అన్నావు, ఈ కాగితం నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"నేను ముట్టలే" అంది లోపలినుంచి. "ముందుగాల నీ జేబు చూస్కో."