అల్లుడుగారు ఔటా, కాదా?

చేతికి బెల్టు పెట్టుకుంటే బౌలింగ్ బాగుపడుతుందా అని నన్నెవరైనా అడిగితే, ముందు బ్యాటింగ్ చేసేది ఎవరింటి అల్లుడో చెప్పమంటాను.

మా అత్తగారి ఊరు పెనుగొండ దగ్గర. ఏటా వేసవిలో ఆవకాయ పెట్టే రోజులకి కోడళ్ళం, ఆడపడుచులు, వాళ్ళ భర్తలు అందరం అక్కడికి చేరతాం. పొద్దున్నంతా కాయలు కొట్టి ఊరగాయ కలపడం, సాయంత్రం క్రికెట్. అప్పటికి రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి, కాలువలకి నీళ్ళు కట్టేసి, చేలన్నీ ఎండి గట్టిపడి ఉంటాయి. ఇంటి వెనక చేలో వరి దుబ్బులు చెక్కేసి పిచ్ చేస్తారు. ఒక జట్టు కోడళ్ళం, ఇంకో జట్టు అల్లుళ్ళు. తక్కువైన వాళ్ళని పిల్లల్లోంచి సర్దుకుంటాం. ఓడినవాళ్ళు మర్నాడు ఇంటిల్లిపాదికీ వంట చెయ్యాలి, అదీ పందెం. ప్రతి ఏడూ మేమే వండాం.

మాకు ఆడ్డం రాక కాదు. మా పెద్దాడపడుచు భర్త, నేను అన్నయ్యగారూ అని పిలిచే మనిషి, ఔటవరు. ఔటైనా అవరు. ఎందుకంటే అంపైరు మా మావయ్యగారు. బంతి అల్లుడి కాలికి తగిలితే ఆయన ఆకాశంలోకి చూస్తారు. మా తోడికోడలు, నేను అక్కా అంటాను, చక్కగా క్యాచ్ పడితే "నేలకి తగిలినట్టుందమ్మా" అంటారు. కిందటేడు నేను ఉండబట్టలేక నిలదీశాను. "ఇంటికొచ్చిన అల్లుణ్ణి పట్టుకుని ఔటు, పొండి అని ఎలా అంటానమ్మా? మర్యాదేనా?" అన్నారు. ఇంకేం మాట్లాడతాం, మన తలకాయ!

ఈ ఏడు మాత్రం నాకది సరదా పందెం కాదు. రోజూ రాజమండ్రి నుంచి ధవళేశ్వరంలో ఆఫీసుకి స్కూటీ మీద వెళ్ళడం, అక్కడ పొద్దు గూకేదాకా కంప్యూటర్ కొట్టడం. కుడి మణికట్టు వాచిపోయింది. డాక్టరుగారు లోపల గట్టి బద్ద ఉన్న బెల్టు ఒకటి ఇచ్చి, బరువులు ఎత్తొద్దన్నారు. మరి అంతమందికి అన్నం గుండిగ దింపాలంటే ఎలా? ఆడపడుచులు పుట్టింటికొచ్చారు కాబట్టి వంటింట్లో అడుగు పెట్టరు, అదింకో మర్యాద. నేను చెయ్యి నొప్పని కూర్చుంటే అత్తయ్యగారు "నువ్వుండమ్మా" అని మొత్తం తన నెత్తినేసుకుంటారు. డెబ్బై దాటిన మనిషి, పొయ్యి ముందు వంగితే లేవడానికి గోడ పట్టుకోవాలి. అందుకే ఈసారి ఎలాగైనా గెలవాలని పట్టుబట్టాను.

"బెల్టు పెట్టుకుంటే బౌలింగ్ ఇంకా బాగుపడుతుందంటోయ్, ఫోన్లో చూశాను" అన్నారు మా ఆయన. సరేనని అపార్ట్‌మెంట్ కింద, కార్ల మధ్య వేసి చూశాను. నా బౌలింగంతా మణికట్టులోనే ఉంది. చిన్నప్పుడు పుట్టింట్లో మా అన్నయ్య నేర్పిన లెగ్ స్పిన్ అది. బెల్టు పెట్టుకుంటే మణికట్టు వంగదు, వంగకపోతే బంతి తిరగదు. కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా పోయింది. బెల్టు తీసి రెండు బంతులు వేసేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీ ఫోను తగలెయ్య!" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నవ్వాపుకుంటూ బంతి ఏరుకొచ్చారు.

ఆట రోజు బెల్టుతోనే దిగాను. "ఏంటి చెల్లెమ్మా, యుద్ధానికేనా?" అన్నారు అన్నయ్యగారు బ్యాటు ఊపుతూ. మేం ముందు ఆడి ఏదో కొట్టాం. అల్లుళ్ళ జట్టులో మిగిలినవాళ్ళని తొందరగానే పంపేశాం గానీ, ఈయన మాత్రం పాతుకుపోయి ఉన్నారు. నేను వేసిన మొదటి బంతి వికెట్ల ముందు ఆయన పాదానికే తగిలింది. గొంతు చించుకుని అరిచాం.

"మబ్బేసేలా ఉంది" అన్నారు మావయ్యగారు పైకి చూస్తూ.

ఒళ్ళు మండిపోయింది. తర్వాతి బంతి ఎప్పటిలాగే వేళ్ళు మెలేసి వదిలాను. అన్నయ్యగారికి నా స్పిన్ ఏళ్ళ తరబడి అలవాటు కదా, అది తిరిగే చోటికి బ్యాటు తీసుకెళ్ళి కూర్చున్నారు. బెల్టు దాన్ని తిరగనిస్తేగా! తిన్నగా పోయి మధ్య వికెట్టుని వెల్లకిలా పడేసింది.

అందరం మావయ్యగారి వైపే చూస్తున్నాం.

"గాలికి పడుంటుందమ్మా" అన్నారాయన.

కొబ్బరాకు కూడా కదలని సాయంత్రం అది! "గాలేనండి మావయ్యగారూ" అంటూ అన్నయ్యగారు తనే వికెట్టు పాతుకున్నారు. కీపింగ్ చేస్తున్న అక్క గ్లవ్స్ విసిరికొట్టింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు గట్టు మీద నుంచి అత్తయ్యగారు దిగారు. మజ్జిగ తెచ్చి, ఆట చూస్తూ నిలబడ్డారు అప్పటిదాకా. ఆవిడ పెద్దల్లుడితో నేరుగా మాట్లాడగా నేనెన్నడూ చూడలేదు. "అల్లుడుగారికి కాఫీ కావాలేమో అడగమ్మా" అని తలుపు చాటు నుంచి మాతో అడిగిస్తారు. అలాంటి మనిషి కొంగు దోపుకుని పిచ్ మధ్యకి వచ్చేశారు.

"ఔటండి, అల్లుడుగారూ" అన్నారు.

"ఏంటది, అల్లుడుగారితో..." అని మావయ్యగారు నసిగారు.

"మీరుండండి. పిల్ల అంత నొప్పిచేత్తో పడగొడితే గాలేంటండీ, గాలి?"

అన్నయ్యగారి మొహం కందిపోయింది. "అలాగేనండి అత్తయ్యగారూ" అని బ్యాటు చంకలో పెట్టుకుని నడిచారు. ఆఖరి మనిషి ఆయనే కావడంతో ఆట అక్కడితో సరి.

బెల్టు వల్ల నా బౌలింగ్ బాగుపడలేదని నా అభిప్రాయం. పాడైంది, పాడైన సంగతి అన్నయ్యగారికి తెలియలేదు, అంతే. మా ఆయన మాత్రం ఇప్పటికీ తన ఫోనే గెలిపించిందంటారు.

మర్నాడు అల్లుళ్ళు నడుముకి తువ్వాళ్ళు చుట్టుకుని వంటింట్లో పడ్డారు. ఆడపడుచులు గుమ్మంలో నిలబడి పడీ పడీ నవ్వుతున్నారు. ఇంట్లో అందరి తర్వాత, మిగిలింది తినే అత్తయ్యగారిని అక్కా నేనూ బలవంతంగా తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టాం. ఆవిడ రెండుసార్లు లేవబోయారు, రెండుసార్లూ భుజాలు పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టేశాం. అన్నయ్యగారు స్వయంగా పప్పు, వంకాయ కూర వడ్డించి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఎలా ఉందండి అత్తయ్యగారూ?"

ఎదురుగా మావయ్యగారు బాగుందనమని తెగ సైగ చేస్తున్నారు. ఆవిడ తాపీగా ఇంకో ముద్ద కలుపుకుని తిన్నారు.

"కూరలో ఉప్పు చాల్లేదండి, అల్లుడుగారూ" అన్నారు.

ఆయన ఉప్పు కోసం వంటింట్లోకి పరుగెత్తారు. అత్తయ్యగారు పక్కనున్న ఖాళీ విస్తరి చూపించి, "కూర్చోవమ్మా, నువ్వూ తిను. వాళ్ళు వడ్డిస్తారు" అన్నారు నాతో.