ఓటీపీ అడిగే అల్లుడు

అతనికి వసపిట్ట అని పేరు పెట్టింది వీధే. ఇంట్లో పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా కనపడదు. పార్సెళ్ళు పంచే ఉద్యోగం. గుమ్మంలో పెట్టె ఇచ్చి రావడం మిగతావాళ్ళకు చిటికెలో పని. ఇతను మాత్రం ఆ ఇంటి కుళాయి కారడం మానిందా, పెద్దాయన మోకాలు ఎలా ఉంది, మూడో పిల్ల పరీక్ష గట్టెక్కిందా అన్నీ తేల్చుకుని గానీ మెట్లు దిగడు. జీతం పెట్టెలు మోసినందుకు ఇస్తారని, కబుర్లు మాత్రం ఉచితమని అతని లెక్క.

అలాంటివాడి నోటికి తాళం పడే రోజులొచ్చాయి. "మీ పార్సెల్ ఆగిపోయింది, చిరునామా సరిచూసుకోవడానికి ఇక్కడ నొక్కండి" అంటూ ఊళ్ళో అందరి ఫోన్లకూ దొంగ మెసేజీలు రావడం మొదలైంది. నొక్కినవాళ్ళ ఖాతాలు ఊడ్చుకుపోయాయి. కంపెనీ పంపే అసలు మెసేజీ కూడా అచ్చం అలాగే ఉంటుంది. నిజం చెప్పుకోవాలంటే దొంగలదే బాగుంటుంది. వాళ్ళు "గౌరవనీయులైన వినియోగదారులకు" అని మొదలుపెట్టి, "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చేతులు జోడిస్తారు. కంపెనీది "పార్సెల్ వచ్చును. ఓటీపీ చెప్పనిచో వాపసు పోవును" అని గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడినట్టు ఉంటుంది.

ఆ ఓటీపీయే అతని పీకకు చుట్టుకుంది. ముందు ఓటీపీ చెప్పాలి, ఆ తర్వాతే పెట్టె చేతికివ్వాలి, అది రూలు. ఎవరడిగినా చెప్పకూడదని ఊరంతా కళ్ళకద్దుకుని నేర్చుకున్న ఆ నంబరును, పొద్దస్తమానం ఇంటింటికీ తిరిగి అడగడమే ఇతని ఉద్యోగం. తలుపులు మొహం మీద పడుతున్నాయి. పెట్టెలు వెనక్కి వస్తున్నాయి.

"ఇన్ని వాపసులు నీ వీధి నుంచే ఏంట్రా?" అన్నాడు సూపర్‌వైజరు ఆ పొద్దున. "ఇవాళ ఆ వీధిది ఒక్క పెట్టె తిరిగొచ్చినా సరే, రేపట్నుంచి గోడౌన్‌లో కూర్చుని స్టిక్కర్లు అంటించుకుందువుగాని."

"అక్కడ మాట్లాడ్డానికి ఎవరుంటారు సార్?"

"పెట్టెలుంటాయి. అవైతే తలుపులేసుకోవు."

వసపిట్టకు నవ్వు రాలేదు. వీధి లేకపోతే తనకేమీ లేదని అతనికి తెలుసు. ఆ వీధిని తన మీదికి ఎగదోసింది ఎవరో కూడా తెలుసు. సాక్షాత్తూ అతని అత్తగారు.

ఆవిడ ఆ వీధిలోనే ఒక పాత భవనంలో, పై అంతస్తులో ఉంటుంది. బట్టలు కుడుతుంది. అంచులు మడవడం, జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళ చొక్కాలు వదులు చేయడం. ఆమధ్య ఒక సాయంత్రం, మర్నాటికి ఇవ్వాల్సిన యూనిఫారాలు ఒళ్ళో పెట్టుకుని ఉండగా, ఈ రాత్రికి కరెంటు తీసేస్తామని మెసేజీ వచ్చింది. కరెంటు పోతే మిషన్ ఆగుతుంది. కంగారులో నొక్కింది. వెంటనే ఎవడో ఫోన్ చేసి "అమ్మా, మీరేం భయపడకండమ్మా, మీ ఫోన్‌కి వచ్చిన నంబరు చెప్పండి చాలు, నేను చూసుకుంటాను" అన్నాడు. ఆవిడ చెప్పింది. ఖాతా ఖాళీ అయింది. పోయిన డబ్బు గురించి ఆవిడ ఎక్కువ మాట్లాడదు. ఫోన్ పెట్టేసేముందు వాణ్ణి "చల్లగా ఉండు నాయనా" అని దీవించింది. అదీ ఆవిడను కాల్చుకు తినేది.

ఏడ్చి ఊరుకునే మనిషి కాదు. ఇంటింటి తలుపూ కొట్టి, నంబరు ఎవడడిగినా చెప్పొద్దని పాఠం చెప్పింది. పాఠం బాగానే ఎక్కింది. అల్లుడి కడుపు మీదే దెబ్బ పడింది.

ఆ రోజు ఆ వీధికి రెండే పెట్టెలు. మొదటిది, అత్తగారి కింద అంతస్తులో ఉండే ట్యూషన్ మాస్టారిది. ఆయన తలుపు సందులోంచి ముక్కు ఒక్కటే బయటపెట్టాడు.

"పైన మీ అత్తగారు ఓటీపీ ఇస్తే నేనూ ఇస్తానయ్యా. సొంత అల్లుణ్ణి ఆవిడే నమ్మకపోతే, నేనెవణ్ణి?"

రెండోది అత్తగారిదే. కుట్టుమిషన్ మోటారు. పాతది కాలిపోయి, నాలుగు రోజులుగా కాలితో తొక్కుతోంది. కూతురు ఆర్డరు పెట్టింది. ఓటీపీ మాత్రం ఆవిడ ఫోన్‌కే వచ్చింది.

"అత్తయ్యా, మోటారొచ్చింది. నంబరు చెప్పండి."

"చెప్పనండి."

"నేనండీ, మీ అల్లుణ్ణి."

"కనపడుతూనే ఉన్నారు. కూర్చోండి, మంచినీళ్ళిస్తాను. నంబరు మాత్రం అడగొద్దు."

అతను మొదలుపెట్టాడు. కంపెనీ గురించి, రూలు గురించి, గోడౌన్ గురించి, తన పదేళ్ళ చాకిరీ గురించి. గొంతులో తేనె పోశాడు. అత్తయ్యా అని మాటకోసారి అన్నాడు. ఆవిడ మొహం అంతకంతకూ బిగుసుకుపోయింది.

"ఎంత బాగా మాట్లాడుతున్నారండీ," అంది. "వాడూ ఇలాగే మాట్లాడాడు."

లాభం లేదని పెళ్ళానికి ఫోన్ కొట్టాడు. "మీ అమ్మ ఓటీపీ చెప్పనంటోంది."

"చెప్పొద్దని నేనేగా ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు నేనే చెప్పమంటే, నా గొంతుతో ఎవడో మాట్లాడుతున్నాడనుకుంటుంది. నీ తిప్పలు నువ్వు పడు."

వసపిట్ట ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నోరు విప్పిన కొద్దీ తాను దొంగలా కనబడుతున్నాడని అర్థమైంది. ఇక మాట్లాడకుండా ఉండటం ఒక్కటే మిగిలింది. అది అతనికి చేతకాని విద్య. పెట్టె తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు. నంబరు లేకుండా, రూలును గాలికొదిలి.

ఆవిడ పెట్టె వంకా అతని వంకా చూసింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినపడింది.

మెట్ల మీద అతనొక్కడే మిగిలాడు. మోటారు పెట్టె లేదు, నంబరు లేదు. కంపెనీ ఫోన్‌లో "ఓటీపీ నమోదు చేయండి" అని గడి ఒకటి మిటకరిస్తోంది. ఆవిడ తలుపు తీయకపోతే పోయేది వీధి ఒక్కటే కాదు, మోటారు దొంగతనం కూడా తన మెడకే చుట్టుకుంటుంది. తలుపు కొడదామని చెయ్యెత్తి, దించాడు. లోపల ఏదో అట్ట చింపిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. మరీ ఏమీ లేదు. కళ్ళు తలుపు మీదే అతుక్కుపోయాయి. నుదుట చెమట పట్టింది.

ఆఖరికి లోపల మిషన్ ఝుమ్మంది. ఆగింది. మళ్ళీ ఝుమ్మంది. ఒక కుట్టు పొడుగ్గా సాగింది.

గడియ తీసి ఆవిడ చెయ్యి చాపింది. "ఆ ఫోనిటు ఇవ్వండి. అటు తిరగండి."

అతను గోడవైపు తిరిగాడు. టింగుమంది.

"చెప్పలేదు, నొక్కాను. అమ్మాయికి అలాగే చెప్పండి," అంది ఫోన్ తిరిగిస్తూ. అతని చెమట మొహం చూసింది. "తీయననుకున్నారా?"

"అనుకున్నానండి."

"ఆ రోజు నేనూ అలాగే కూర్చున్నాను, ఫోన్ చేతిలో పెట్టుకుని. పొరపాటు జరిగిందమ్మా అని వాడు మళ్ళీ చేస్తాడేమోనని. తెల్లారేదాకా."

ఆవిడిచ్చిన మంచినీళ్ళు తాగి కిందికి దిగాడు.

మాస్టారు తలుపు ఈసారి బారుగా తీసే ఉంచాడు. అంతా విన్నట్టే ఉంది.

"మాకూ అలాగే కానివ్వయ్యా. ముందు పెట్టె లోపలికి."

వసపిట్ట పెట్టె అందించాడు. తలుపు పడింది. మాస్టారు ఏ పనైనా నిదానంగా చేసే మనిషి. వసపిట్ట కంపెనీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.