రుద్దకూడని అంచు

ఆ ఇంజన్ల కార్ఖానాలో లోహాన్ని తిప్పుతూ కోసే లేతు మిషను మీద పనిచేసే ఆవిడను అందరూ నున్నక్క అంటారు. ఆమె చేతిలోంచి వచ్చిన ముక్కకు వేలు కోసే అంచు ఉండదు. ముప్పై ఏళ్లుగా, ఆకురాయితో రెండు రుద్దులు రుద్దనిదే ఏ ముక్కనూ ఆమె బల్ల మీద పెట్టలేదు.

ఆమెకు పొగంటే ఒళ్లుమంట. చెల్లెలు అక్కడే ఇంజన్లు పరీక్షించే గదిలో పనిచేస్తుంది. రోజంతా పొగ మింగి, ఇంటికొచ్చి కళ్లనీళ్లు తిరిగేలా దగ్గుతుంది. అందుకే ఇంజనీరమ్మ కొత్త పిస్టన్ బొమ్మ గీసి తెచ్చిన రోజు నున్నక్క ఎగిరి గంతేసింది. పిస్టన్ తలమీద డీజిల్ మండే గుంట ఒకటి ఉంటుంది. దాని అంచు లోపలికి వంగి, పదునుగా ఉంటే గాలి సుడి తిరిగి డీజిల్‌తో బాగా కలుస్తుందని, మసి తగ్గుతుందని ఇంజనీరమ్మ లెక్క.

నున్నక్క ఆ బొమ్మ చూసి పిస్టన్ కోసిచ్చింది. తీరా పరీక్షిస్తే, పొగగొట్టం దగ్గర పట్టిన తెల్ల కాగితం ఎప్పటిలాగే నల్లబడింది. మేనేజరు పెదవి విరిచాడు.

"చాల్లెండి ఈ ముచ్చట. రేపట్నుంచి పాత గుంటే."

ఇంజనీరమ్మ మొహం మాడిపోయింది. నున్నక్క మాత్రం పిస్టన్ విప్పించి, అంచు చుట్టూ బొటనవేలు తిప్పింది. వేలు వెన్న మీద జారినట్టు జారింది. బొమ్మలో పదునుగా ఉన్న అంచును తన చెయ్యే రుద్దేసింది! ఎవరూ గమనించలేదు. నోరు మూసుకుంటే ముప్పై ఏళ్ల పేరు చెక్కుచెదరదు.

తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"తప్పు గుంటది కాదండీ, నాది. అలవాటుకొద్దీ అంచు రుద్దేశాను. ఇంకోటి కోస్తాను."

"ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇదేం పనమ్మా? సిగ్గుగా లేదూ?"

"ఉంది. అయినా కోస్తాను. వద్దంటే నన్ను లేతు దగ్గర్నుంచి మోసుకెళ్లి బయట పడెయ్యాలి మీరు."

మేనేజరు తల పట్టుకున్నాడు. నున్నక్క మొదట ఆకురాయిని బీరువాలో పెట్టి, తాళంచెవి ఇంజనీరమ్మ చేతికిచ్చి, అప్పుడు ఇంకో పిస్టన్‌ను లేతు మీదికి ఎక్కించింది. కోసిన పిస్టన్ తీస్తుంటే వేలు తెగింది. అంత సంతోషంగా ఆమె ఎన్నడూ రక్తం తుడుచుకోలేదు.

ఈసారి కాగితం లేత బూడిదరంగు దాటలేదు. చెల్లెలు దాన్ని పైకెత్తి అక్కకు చూపించింది. మేనేజరు పొగ తగలకుండా పరీక్షగది అద్దం అవతల నిలబడే గొణిగాడు.

"ఒక్కసారికే ఏం నమ్ముతాం? పాతదీ కొత్తదీ మార్చి మార్చి పెట్టి చూడండి."

"వందసార్లు చూద్దాం," అంటూ నున్నక్క పరీక్షగది తలుపు బార్లా తెరిచింది. "కాకపోతే పాతదాని వంతు వచ్చినప్పుడు లోపల కాగితం పట్టుకునేది మా చెల్లి కాదు, మీరు."