నాకు ఉప్పల్ చూపించిన మెస్ మామ

మెస్ మామ పోయాడని మొన్న తమ్ముడు ఉత్తరం రాశాడు. నాలుగు రోజులు జ్వరం వచ్చిందట, ఐదోనాడు ఇక లేవలేదట. ఉత్తరం మడిచి బడికి పోయాను గానీ పాఠం చెప్పడం సాగలేదు. ఆయన నాకు చుట్టం కాదు. ఆయనతో గడిపింది మొత్తం మూడు రోజులు. అందులో సగం రోజులు నాకు అబద్ధాలే చెప్పాడు. అయినా నాలుగు మాటలు రాయకపోతే మనసు ఊరుకోవడం లేదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం పూర్తిగా చల్లారని రోజులవి. ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో, భూమి సర్వే నేర్పే ఒక చిన్న కాలేజీలో తమ్ముడు చదువుతున్నాడు. నెలన్నర నుంచి వాడి దగ్గర నుంచి ఉత్తరం లేదు. నన్ను జనగామలో రైలెక్కిస్తూ అమ్మ ఒకటే మాట చెప్పింది.

"వాడు ఆ గొడవలల్ల ఉన్నడంటే చెయ్యి వట్టుకొని తోల్కరా. ఆ సదువు మనకొద్దు."

నాన్న లేని ఇల్లు మాది. అమ్మ మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇద్దరికీ లేదు.

హాస్టల్లో తమ్ముడు లేడు. ఎవరిని అడిగినా మొహం తిప్పుకున్నారు. అంతలో వంటింట్లోంచి, భుజం మీద తువ్వాలతో ఒక నడివయసు మనిషి వచ్చాడు. మెస్‌లో వంట చేసేది ఆయనే. పిల్లలంతా మామ అనేవాళ్ళు.

"తమ్మునికోసమా చెల్లె? వాళ్ళ క్లాసోళ్ళు కొలతల క్యాంపుకు పోయిన్రు, ఘట్‌కేసర్ దిక్కు. రెండు రోజులల్ల వస్తడు, ఫికర్ జెయ్యకు. ముందు అన్నం తిను. తిన్నంక మాట్లాడుదం."

తిన్నాక మాట్లాడలేదు. ఊరు చూద్దాం రమ్మన్నాడు. నన్ను తన ఇంట్లో, భార్య దగ్గర ఉంచాడు. వంట పని తీరిన వేళల్లో ఊరంతా తిప్పాడు.

అప్పటి ఉప్పల్ అటు పల్లే కాదు, ఇటు పట్నమూ కాదు. ద్రాక్ష పందిళ్ళ కింద నడుస్తుంటే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. కాలేజీ పిల్లలు కొలతలు నేర్చుకుంటూ పొలాల్లో కొయ్య మేకులు పాతేవాళ్ళు. రైతులు వాటిని పీకేవాళ్ళు కాదు, పక్క నుంచి నాగలి తిప్పుకునేవాళ్ళు.

"ఎందుకు పీకరన్నా?" అని మామను అడిగాను.

"పిల్లల సదువు గదా చెల్లె," అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

రామంతాపూర్ చెరువుకట్ట మీద నిలబడి మౌలాలి గుట్ట చూపించాడు. ఏది చూపించినా సొంత ఇల్లు చూపించినట్టే చూపించేవాడు. కానీ రోడ్డు మీద పోలీసు జీపు కనిపిస్తే మాట మధ్యలోనే ఆగిపోయేవాడు. అది పోయాక ఎక్కడ ఆపాడో మరిచిపోయేవాడు. నాకు తమ్ముడే గుర్తొచ్చేవాడు. అయినా ఆ ఊరు నచ్చుతూనే ఉంది, నచ్చుతున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

రెండోరోజు పొద్దున్నే ఆయన టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఎటో పోయాడు. నేను ఊరికే కూర్చోలేక కాలేజీకి పోయాను. వరండాలో కొలతల సామానంతా గోడకు ఆనించి ఉంది. పొడుగాటి గొలుసులు, ఎరుపు తెలుపు కర్రలు, మూడుకాళ్ళ స్టాండ్లు. ఇక్కడి సామాను ఒక్కటీ కదలలేదు. మరి ఆ పిల్లలు క్యాంపులో దేనితో కొలుస్తున్నట్టు?

ఖాళీ క్యారియర్‌తో తిరిగొచ్చిన మామను గేటు దగ్గరే ఆపాను.

"సామానంత ఈడనే ఉంది. క్యాంపేందన్నా? నా తమ్ముడు బతికే ఉన్నడా?"

ఆయన క్యారియర్ కింద పెట్టేశాడు.

"అయ్యో, అంత మాట అనకు చెల్లె. పోలీసు స్టేషన్ల ఉన్నడు. గోడ మీద నినాదాలు రాసుకుంట దొరికిండు. కొట్టలే, నేను రోజు పోయి సూస్తున్న. రేపు ఇడుస్తమన్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"జెప్తే ఇంటికి తోల్కపోతవని. 'మా అక్క వస్తే సదువు బంద్' అని పిల్లగాడు ఒకటే ఏడుపు. నాకు గిదే తోచింది. అబద్ధమాడినందుకు ఆదివారం చర్చిల ఒప్పుకుంట. నన్నెంతన్న తిట్టు. వాన్ని మాత్రం సదువుకోనియ్యి."

తిట్టాను. బడిపిల్లలను కూడా అంతగా ఎన్నడూ తిట్టలేదు. ఆయన తలవంచుకుని అంతా విన్నాడు, తరువాత పప్పు కడగడానికి లోపలికి పోయాడు. ఆ సాయంత్రం ఊరు చూద్దామని ఆయన పిలవలేదు, నేనూ అడగలేదు.

మూడోరోజు మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. చొక్కా మాసిపోయింది, దవడలు పీక్కుపోయాయి. నన్ను చూసి నోరు తెరవబోతే మామ వాడిని పళ్ళెం ముందు కూర్చోబెట్టాడు. వాడు తల ఎత్తకుండా తింటున్నాడు. అమ్మ మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది. జనగామ బండికి ఇంకా టైముంది. పప్పు గరిటె పట్టుకుని మామ నా మొహమే చూస్తున్నాడు.

"అన్నా, వానికి ఇంకింత పప్పు వెయ్యి," అన్నాను. "రేపు పొద్దున కాలేజికి పోవాలె."

తమ్ముడి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. మామ వంగి పప్పు పోస్తూనే ఉన్నాడు. పళ్ళెం నిండి, అంచు దాటి, వాడి మోకాలి మీద పడుతున్నా ఆయన చూసుకోలేదు.