కందీలు గ్లాసు మసి

నీలమ్మ ఇంట్లో గ్లాసు అనే మాటది పెద్ద సంసారం. పాలు కొలిచే ఇత్తడిది గ్లాసే. కందీలు దీపం చుట్టూ ఉండే గాజుబుడ్డీ గ్లాసే. పోచమ్మ పటానికి బిగించిన అద్దమూ గ్లాసే. ఒకటి వెలుగును ఆపుతుంది, ఒకటి సాగనంపుతుంది, ఇంకొకటి దేవత ముఖాన మెరుస్తుంది. ఆమె గ్లాసు తెమ్మంటే ఏది కావాలో పెనిమిటి ఎల్లప్పకు గొంతును బట్టే తెలిసిపోయేది.

అప్పటికి ఛత్రినాక గల్లీలోకి కరెంటు వచ్చినా వాళ్ల బర్రెల కొట్టంలోకి రాలేదు. తెల్లారకముందే కందీలు పెట్టుకుని నీలమ్మ పాలు పిండేది. ఆ ఏడు వానలతోపాటు కొట్టంలో వెలుగు పలచబడింది.

"గ్లాసు మసి పట్టిందయ్యా, జర మంచిగ తోము."

ఎల్లప్ప బూడిద పెట్టి తోమి తెచ్చాడు.

"గిదేం తోముడు? ఇంకింత మసకైంది!"

"నీ కండ్లు సూపిద్దాం పావే."

"నా కండ్లకేమైంది? గ్లాసుదే తప్పు."

చూపు తగ్గిందని బస్తీకి తెలిస్తే తన చేతి పాలు ఎవరు పోయించుకుంటారు? ఆ భయాన్ని ఆమె మసి కింద దాచుకుంది. ఎల్లప్ప మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పొద్దూ మాపూ గ్లాసు తోముతూనే ఉన్నాడు.

ఒకరోజు, రోజూ పాలు పోయించుకునే వాడిక ఇంటి వాసవాంబ నవ్వుతూ గిన్నె ముందుకు తోసింది. "ఏంది నీలమ్మా, పాలతోని మేత గూడ పోస్తున్నవా?"

"యాడున్నదమ్మా?" నీలమ్మ గిన్నెలోకి వంగింది. తెల్లటి పాల మీద తేలుతున్న గడ్డిపరక ఆమెకు కనిపించలేదు.

వాసవాంబ నవ్వు ఆగిపోయింది. "కండ్లు సూపిచ్చుకొని రాపో. అందాక పాలు పోయించుకోను. వేరే పాలోళ్లను మాత్రం గడప తొక్కనియ్య, ఫికర్ చెయ్యకు."

ఎల్లప్ప ఆ రోజే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కళ్లకు గ్లాసులు పడాలన్నాడు డాక్టరు.

"గియ్యి గూడ గ్లాసులేనా!" అని నీలమ్మ ముక్కు తడుముకుంది.

అవి పెట్టుకున్న మొదటి వేకువన కందీలు బుడ్డి ఊటనీళ్లలా ఉంది. మసి జాడే లేదు. దాన్ని పట్టుకున్న ఎల్లప్ప వేళ్ల మీద పాత గాట్లు, కొత్త గాట్లు.

"గివేందయ్యా?"

"గ్లాసు అంచు పలిగింది. తోమంగ కోసుకుంది."

"మసి లేదని జెప్పకపోయినవా?"

"చెప్తె నీ కండ్లదే తప్పని అనాల్నాయె."

నీలమ్మ కందీలు లాక్కుంది. "రేపట్నుంచి గ్లాసు నేనే తోముత" అంది. గొంతు పూడుకుపోయింది.

"ఏ గ్లాసు?" అని ఎల్లప్ప మొదటిసారి అడిగాడు.