మిస్రీ కోసం బ్లాక్‌టౌన్ కోర్టుకి

కోర్టు మెట్లెక్కేటప్పటికే లతీఫాకి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి? కాగితాల్లో మిస్రీని "వస్తువు" అని రాశారు. ఏళ్ళ తరబడి ఆమె కుట్టుమిషను పక్కనే ముడుచుకుని పడుకున్న పిల్లి, చట్టం లెక్కలో కుర్చీతో సమానమట!

"హజ్ చేసొచ్చిన మనిషివి, కోపం పనికిరాదు," అన్నాడు ముఖ్తార్ మెల్లగా.

"ఆ నీతులు వాడికి చెప్పండి!" అంది భర్తతో.

వాడంటే భానుప్రసాద్. కంప్యూటర్లలో వై టూ కే తప్పు సరిచేసే పని మీద సిడ్నీలో దిగినప్పుడు బ్రెడ్డు ముక్కలు తిని బతుకుతున్నాడని తెలిసి, క్వేకర్స్ హిల్‌లోని తన ఇంటికి పిలిచి దాల్చా అన్నం పెట్టింది గుంటూరు మనిషి లతీఫాయే. వై టూ కే అంటే ఏమిటో ఆమెకి తెలీదు. ఖాళీ కడుపుతో సరిచేస్తే కంప్యూటర్లో ఇంకో నాలుగు తప్పులు పడతాయని మాత్రం గట్టిగా నమ్మింది.

రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ పేలలేదు. ఆ మార్చిలో లతీఫా, ముఖ్తార్ హజ్‌కి బయల్దేరారు. వెళ్ళేవాళ్ళు తిరిగి రామేమో అన్నట్టే అన్నీ చక్కబెట్టుకుని, అందరినీ క్షమాపణ అడిగి వెళ్ళాలి. అలాగే పిల్లిని ఎత్తుకుని, అప్పటికి భార్యనీ పాపనీ తెచ్చుకుని కాపురం పెట్టిన భాను ఇంటికెళ్ళింది.

"భానూ, ఎప్పుడన్నా మాటంటే మాఫ్ చెయ్యి నాయనా. ఒకవేళ నేను తిరిగి రా..."

"అయ్యయ్యో, అంత మాటనకండి ఆంటీ! ప్రయాణం ముందు అపశకునం!" అంటూ భాను ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమె ఆ సగం మింగేసి, మిగతా సగం అంది. "సరే. మిస్రీ ఇంక మీదే అనుకో."

మక్కా నుంచి జమ్‌జమ్ నీళ్ళతో, ఖర్జూరాలతో తిరిగొచ్చింది. భాను ఖర్జూరాలు తీసుకున్నాడు, పిల్లిని ఇవ్వలేదు. "పాప బాగా అటాచ్ అయిపోయింది ఆంటీ. అయినా మీరే ఇచ్చేశారుగా!"

ఇప్పుడు టై కట్టుకుని మేజిస్ట్రేటమ్మ ముందు అదే మాట ఇంగ్లీషులో అంటున్నాడు. "ఇట్ వజ్ ఎ గిఫ్ట్. నో కండిషన్స్."

"తిరిగొస్తే తీసుకుంటానని మీరు చెప్పారా?" అని మేజిస్ట్రేటు లతీఫాని అడిగింది.

చెప్పానంటే చాలు, మిస్రీ ఇంటికొచ్చేస్తుంది. కానీ కాబా చూసొచ్చిన కళ్ళతో అబద్ధమెలా ఆడటం?

"నో మేడమ్. చెప్పలేదు."

భాను నవ్వాడు. చిన్న నవ్వే. దాంతో లతీఫాకి కోపం నషాళానికంటింది.

"ఏందయ్యా నవ్వుతావు? నన్ను చెప్పనిచ్చావా అసలు?" అని, మేజిస్ట్రేటు వైపు తిరిగి తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుంది. "మేడమ్, హీ క్లోజ్ మై మౌత్! ఆస్క్ హిమ్, వై హీ క్లోజ్!"

మేజిస్ట్రేటు కళ్ళద్దాలు సర్దుకుంది. "ఆపారా? ఆమె ఏమనబోతోందనుకుని ఆపారు?"

"అదీ... ఇట్స్ ఎ కల్చరల్ థింగ్..."

"ఏమనబోతోందనుకున్నారు?"

వెనక కుర్చీలోంచి అతని భార్య భానుశ్రీ గొంతు వినిపించింది. "చెప్పేయండి. నేనూ అక్కడే ఉన్నాగా."

భాను బల్ల వైపు చూస్తూ గొణిగాడు. "తిరిగి రాకపోతే... అనబోయారు."

"అంటే ఆ షరతు మీకు అప్పుడే అర్థమైంది. ఆవిడేమో తిరిగొచ్చారు," అని మేజిస్ట్రేటు పిల్లిని ఇచ్చేయమంది.

సాయంత్రం గుమ్మం ముందు బుట్ట దింపి భాను నసిగాడు. "మన తెలుగువాళ్ళం, మనలో మనకెందుకు ఆంటీ? మాఫ్ చెయ్యండి."

"చెయ్యవే, పాపం," అన్నాడు ముఖ్తార్.

"మీరుండండి! నేను మాఫీ అడిగింది పొయ్యే ముందు. ఈయన అడిగేది ఓడిపోయాక. పాపని ఎప్పుడైనా పంపు భానూ, వచ్చి ఆడుకుంటది. నువ్వు మాత్రం రాబాక!"

తలుపు ధడాలున వేసింది. బుట్టలో మిస్రీ ఒకటే అరుపులు. లతీఫా ఊరుకోబెట్టలేదు.

"తిట్టవే, నువ్వు కూడా తిట్టు," అంది మూత తీస్తూ.